ఎడమ అంచు తప్పుల పట్టిక

వనపర్తిలో పీజీ చదివిన రెండేళ్లలో గద్వాల ఇంటికి నలభై మూడు సార్లు వెళ్లాను. ఈ లెక్క ఇప్పుడు గుర్తు తెచ్చుకుని వేసింది కాదు, అప్పుడే నోటుబుక్కులో రాసుకున్నది. పదో తరగతి తర్వాత లెక్కలు నాకెవరూ చెప్పలేదు. సగటు, శాతం, గ్రాఫు గీయడం అన్నీ లైబ్రరీలో ఒక చిరిగిన పుస్తకం ముందు కూర్చుని నేర్చుకున్నవే. అట్లా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. లెక్క తప్పలేదు కాబట్టి దానికి తాను చెప్పుకున్న అర్థం కూడా తప్పు కాదనుకుంటాడు. అప్పుడు నాకు ఇరవై నాలుగు. ఇప్పుడు నలభై. ఆ నోటుబుక్కు బీరువాలోనే ఉంది, తీసి చూడబుద్ధి కాదు.

మాది మగ్గం ఇల్లు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచులు పట్టు. ప్రతి వరుసలోనూ ఆ రెండు దారాలూ అంచు దగ్గర ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. ఒక్కచోట జారినా అక్కడ సన్నటి సందు పడుతుంది. మగ్గం మీద కూర్చునేది నాయిన. ఆయనకు ఎడమ పక్కన ఇంకొకరు కూర్చుని, ఆ అంచు దారాన్ని వరుసలోకి నడిపే నాడెను అందించాలి. ఆ చోటు అమ్మది.

మొదటి ఏడాది మా సారు, ఇంట్లో జరిగే పని ఏదైనా కొలిచి పట్టిక వేసుకురమ్మన్నాడు. ఇంటికి వెళ్లినప్పుడల్లా మగ్గం మీంచి దిగిన చీరను వెలుతురుకు పట్టి సందులు లెక్కపెట్టాను. పదిహేడు చీరలు, అరవై ఒక్క తప్పులు. అందులో యాభై రెండు ఎడమ అంచువే. మొదటి చీరలో ఒక్కటి, చివరి చీరలో ఏడు. ఎడమ పక్క కూర్చునేది అమ్మ. అంతకన్నా ఆలోచించాల్సింది ఏముందనుకున్నాను. పట్టిక కింద 'సహాయకురాలి లోపం' అని అందంగా రాశాను.

ఇంట్లో చదివి వినిపించాను.

"ఇన్నవానే?" నాయిన నవ్వాడు. "యూనివర్సిటీ కూడ చెప్పింది. నీ చెయ్యి పని చేస్తలేదంట."

"నా చెయ్యి నాకు తెల్వదా? నేను ఇచ్చేది సక్కగనే ఇస్తున్న. నువ్వే అందుకుంటలేవు."

"ముప్పై ఏండ్ల సంది అందుకుంటున్నోన్ని, ఇప్పుడు అందుకుంటలేనా?"

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు జర ఈడ కూసొని చూడురా. గా కాయితం మీద కాదు."

బస్సుకు టైమైందని లేచాను. ఇంకా గంటా పది నిమిషాలు ఉంది. సారు ఆ పట్టికను నోటీసు బోర్డుకు పెట్టించాడు. అచ్చంపేట నుంచి వచ్చిన నా రూమ్మేటు దాని ముందు నిలబడి, "అందరు దొంగల మీద కేసు రాస్తరు. వీడు కన్నతల్లి మీద రాసిండు," అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

ఆ నెలల్లో నా కంటపడీ పట్టికలోకి ఎక్కనివి కొన్ని ఉన్నాయి. నాయిన సైకిల్ ఎక్కడం మానేశాడు. మగ్గం మీది బల్బు మార్చి పెద్దది పెట్టించాడు. లోపలి గది గుమ్మానికి ఆయన ఎడమ భుజం తగిలేది. నేనున్న ఒక్క ఆదివారమే నాలుగుసార్లు తగిలింది. చూశాను, లెక్కపెట్టాను కూడా. అది నాకిచ్చిన పని కాదు కనుక రాయలేదు.

రెండో ఏడాది చివర్లో హాస్టల్ సామాను తీసుకెళ్దామని నాయిన వనపర్తి వచ్చాడు. బస్టాండు బయట రోడ్డు దాటుతున్నాం. ఎడమ నుంచి ఆటో హారన్ కొట్టుకుంటూ వస్తోంది. నాయిన ఆగి కుడి వైపు చూశాడు. మళ్లీ కుడి వైపే చూశాడు. నేను చొక్కా పట్టి లాగితే ఇద్దరం వెనక్కి పడ్డాం. "యాడికెళ్లొచ్చిందిరా గది?" అన్నాడు, దుమ్ము దులుపుకుంటూ. యాభై రెండు అనే అంకె నాకు అప్పుడు మొదటిసారి అర్థమైంది.

అమ్మను కూడా తీసుకుని కర్నూలు కంటి దవాఖానకు వెళ్లాం. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు. ఎడమ కన్ను దాదాపు పోయింది, కుడి కన్ను సగం మిగిలింది. నొప్పి ఉండదట. ఒక కన్ను పోతున్నా రెండోది సర్దుకుంటుంది కాబట్టి మనిషికే తెలియదట. "పోయిన చూపు తిరిగి రాదు. ఏడాది ముందొస్తే కుడి కన్నన్నా దక్కేది," అని డాక్టరు కాగితం మీద రాసుకుంటూ అడిగాడు, "ఎప్పట్నుంచి ఇట్లుంది?"

నాయిన తెల్వదన్నాడు. నాకు తెలుసు. ఏ చీరలో, ఏ వారం, ఎన్ని సందులు పడ్డాయో నా సంచిలోని నోటుబుక్కులోనే ఉంది. నేనూ తెల్వదన్నాను.

తిరుగు బస్సులో అమ్మ పక్కన కూర్చుని, తప్పు నీది కాదమ్మా అన్నాను.

"గది నాకు కొత్తగ చెప్తున్నవా? నేను ఇస్తున్న, ఆయన అందుకుంటలేడని ఆ దినమే చెప్పిన. మీ ఇద్దర్ల ఎవలిన్నరు?"

ఆ ఇరవై నాలుగేళ్లవాడితో మాట్లాడే వీలుంటే, లెక్కలు మానేయమని చెప్పను. నీ అంకెలన్నీ సరైనవే అంటాను. తప్పు పక్కన ఒక మనిషిని రాసేముందు, ఆ మనిషి కూర్చునే చోట ఒక గంట కూర్చో. నీకు గంటా పది నిమిషాలు ఉన్నాయి, నాకు తెలుసు.

మందు చుక్కలు వేసినా ఆరేళ్లకు నాయిన కుడి కన్ను కూడా పోయింది. ఈ జబ్బు రక్తంలో దిగుతుంది, పిల్లలు ఏడాదికోసారి చూపించుకోవాలన్నారు. ఇప్పుడు నేనుండేది నాగర్‌కర్నూల్‌లో. ఇప్పటికి మూడుసార్లు కంటి ఒత్తిడి కొలిపించుకున్నాను. రెండో అంకె మొదటిదానికన్నా పెద్దది, మూడోది రెండోదానికన్నా పెద్దది. ఇంకా హద్దు దాటలేదు, ఇకమీద ఆరు నెలలకోసారి రమ్మన్నారు. చూపించుకున్నవా అని అమ్మ ఫోన్‌లో అడుగుతుంటుంది. పోతనే అంటాను.

నాలుగోసారి వెళ్లాల్సిన తేదీ దాటి ఈరోజుకు ఇరవై ఆరు రోజులు.