పళ్లెం వంచి చూసే అవ్వ

ఆదివారం పొద్దున కొత్తకోటలోని మా కిరాయి గదిలోకి పక్కింటి నల్ల వేపుడు వాసన వస్తుంది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, వాటి వెనక ఉడికిన మేక నెత్తురు. నాకు ఆకలీ పుట్టదు, రోతా పుట్టదు. వాసన వచ్చిందని తెలుస్తుంది, అంతే.

మా ఊళ్లో ఆ కూర మా నాయనమ్మ చేసేది, అవ్వ అని పిలిచేవాళ్లం. మా నాన్నకు, బాపుకు, గొర్రెలుండేవి. ఎల్లమ్మ పండుగకు వాకిట్లో పొట్టేలును కోసినప్పుడు, వేపమండల వాసన, తడిసిన ఉన్ని వాసన కలిసి కొడుతుంటే, అవ్వ ఉప్పునీళ్లు చల్లిన సత్తు పళ్లేన్ని దాని మెడ కిందికి జరిపి, నురగతో నిండినదాన్ని అరుగు మీద పెట్టి, ఈగలు వాలకుండా నన్ను కాపలా కూర్చోబెట్టేది. కాసేపటికి వచ్చి పళ్లెం ఒక పక్కకు వంచి చూసేది. నెత్తురు పేరుకుని జారకపోతే ముక్కలు కోసి ఉడకబెట్టేది. ఆ రోజు జొన్నరొట్టెలు ఎన్ని చేసినా చాలేవి కావు.

గాయాల మీదా ఆమెది అదే చూపు. చిర్రగోనె ఆడి మోకాళ్లు చెక్కుకుని వస్తే ముందు తిట్టి, తర్వాత పలకాకు పసరు పిండి, నెత్తురు ఆగిందాకా కదలనిచ్చేది కాదు. ఎండిన పక్కు గోకితే చేతి మీద ఒకటి పడేది. "దాని పని అయినంక అదే రాలిపోతది, నువ్వు గెలుకకు" అనేది. ఇదే సంగతి ఇంటర్‌లో మళ్లీ చదివాను: తెగిన చోటికి నెత్తురులోని చిన్న కణాలు చేరి అతుక్కుంటాయని, వాటి మీద సన్నటి దారాలు వల అల్లుతాయని, తెగని చోట ఆ వల పడకుండా ఒళ్లే కాపలా కాస్తుందని, గాయం మానాక దాన్ని తానే కరిగించుకుంటుందని. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. రాస్తున్నప్పుడు ఏమీ అనిపించలేదు.

సర్కారు గొర్రెలిచ్చిన ఏడు, పల్లికాయ పీకే రోజుల్లో, చేనిగట్టున బాపును రక్తపింజర కరిచింది. నడుచుకుంటూనే ఇంటికి వచ్చాడు. బాపు వాళ్లన్న, మా పెద్దబాపు, కాటు దగ్గర బ్లేడుతో గీస్తే నెత్తురు ధార కట్టింది. అది కారిన కొద్దీ చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు తేటపడ్డాయి. "విషం పోతాంది, పోనియ్యుండ్రి" అన్నాడు పెద్దబాపు. బాపు కూడా నవ్వి నన్ను నీళ్లు తెమ్మన్నాడు. అవ్వ మాత్రం కింద బండ మీది మడుగునే చూస్తోంది. అంత ఎండలోనూ అది నీళ్లలాగే పారుతోంది. వేలు ముంచి, ఎత్తి చూసింది.

"గీ నెత్తురు పేరుకుంటలేదు. ఆటో పిలువుండ్రి" అంది.

దవాఖానలో డాక్టరమ్మ బాపు నెత్తురును గాజు గొట్టంలోకి తీసి, కిటికీలో కదపకుండా నిలబెట్టి, గోడ గడియారం చూసుకుంది. ఎవరూ చెప్పకుండానే నేను దాని ముందు కాపలా కూర్చున్నాను. కాసేపటికి ఆమె వచ్చి గొట్టాన్ని వంచింది, అచ్చం మా అవ్వలాగే. నెత్తురు జారింది. విషం ఒంట్లో ఎక్కడ పడితే అక్కడ వల అల్లించి ఉన్న దారమంతా ఖర్చు చేయించిందని, అసలు గాయానికి ఏమీ మిగల్లేదని చెప్పి, సెలైన్లో మందు ఎక్కించింది. మరునాడు ఇంకో గొట్టం పెట్టారు. ఆమె వంచబోతుంటే అవ్వ చేయి చాపింది.

"జర నేను చూస్త బిడ్డా."

వంచింది. కదల్లేదు. "పేరుకున్నది" అని అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. మేమంతా బన్నులు కొనుక్కుని తిన్నాం. బాపుకు నిన్నటి నుంచి ఒంటికి రాలేదన్న, చుక్క మూత్రమైనా పోయలేదన్న సంగతి ఆ సంతోషంలో ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికి కిడ్నీలు చెడిపోయాయన్నారు. హైదరాబాద్ తీసుకుపోయారు, అక్కడి నుంచి తెల్లగుడ్డలో తెచ్చారు. అందరూ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. గొట్టంలో నెత్తురు కదల్లేదు కదా, మరి బాపు ఎందుకు పోయాడు అని మాత్రం అనుకున్నాను. ఇప్పటికీ అంతే అనుకుంటాను.

గొర్రెలను అమ్మేశారు. ఆ తర్వాతి పండుగకు అవ్వ పళ్లెం పట్టలేదు, నెత్తురంతా మట్టిలోకి పోయింది. ఇప్పుడు అవ్వా లేదు, సిమెంటు రోడ్డు కోసం ఆ అరుగునూ కొట్టేశారు. అమ్మ ఊళ్లో కూలికి పోతుంది. తమ్ముడి బడి కోసం వాడూ నేనూ ఇక్కడుంటున్నాం.

ఇవ్వాళ వాడు ఉల్లిగడ్డ తరుగుతూ వేలు కోసుకున్నాడు. గుడ్డతో ఒత్తి పట్టుకుని, తీసి చూశాను. ఎర్రటి చుక్క ఉబ్బి, చిక్కబడి, నిలిచిపోయింది.

"ఆగింది గదక్కా, ఇడువు" అన్నాడు.

వేలిని ఒక పక్కకు వంచి చూశాను. చుక్క జారలేదు. అయినా విడవలేదు.

"పొద్దున ఒంటికి పోయినవా?" అని అడిగాను.

వాడు పకపకా నవ్వాడు. బాపు పోయిననాడు వాడు చంకబిడ్డ. నేను జవాబు కోసం చూస్తూ ఉన్నాను.