ఎదురింటి పెద్దమ్మ చెయ్యి

సూర్యాపేటలో మా ఎదురింటి పెద్దమ్మ ఎవరి చెయ్యి పట్టుకున్నా వెంటనే వదల్లేకపోయేది. వేళ్లు బిగుసుకుపోయి, కాసేపటికి ఒక్కొక్కటే విచ్చుకునేవి. "జర ఆగు బిడ్డా, నా చెయ్యికి నిన్ను పంప బుద్ధయితలేదు" అని నవ్వేది. అదంతా ప్రేమేననుకునేవాళ్లం.

పంతొమ్మిది వందల తొంభైల్లో ఆమె కూతురికి మిర్యాలగూడ దవాఖానలో బాబు పుట్టాడు. కూతురు నా స్నేహితురాలు కాబట్టి తోడుగా నేనూ వెళ్లాను. బాబు గట్టిగా ఏడవలేదు, పాలు చీకలేదు, తడిగుడ్డలా మెత్తగా పడి ఉన్నాడు. వారం తిరక్కుండానే పోయాడు.

డాక్టరు అనుమానంతో కూతురిని పిడికిలి బిగించి విప్పమన్నాడు. వేళ్లు తొందరగా విచ్చుకోలేదు. తర్వాత పెద్దమ్మకు చెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది, వదల్లేకపోయింది. అలవాటుగా నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"నా కాడినుంచే వచ్చిందా సారూ?"

"వంశంలో వచ్చే కండరాల జబ్బమ్మా. తరం మారేకొద్దీ ముదురుతుంది. మీ తప్పేం లేదు."

చాలా ఏళ్లకు దాని సంగతి చదివాను. చెడిన జన్యువు నుంచి తయారైన ఆర్ఎన్ఏ తనకు అతుక్కునే ప్రొటీన్లను కట్టిపడేసి వదలదట. ఇతర జన్యువుల సందేశాలను సరిచేయాల్సిన ఆ ప్రొటీన్లు అందక, బిగిసిన కండరం తేలిగ్గా సడలదట. చదువుతుంటే నా మణికట్టు మీద ఆమె వేళ్లు తగిలినట్టయింది.

డాక్టరు ఆ మాట చెప్పిన రోజు, బస్టాండులో కూతురు ఏడుస్తూ తల్లి చెయ్యి అందుకోబోయింది. పెద్దమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నన్ను ముట్టకు బిడ్డా."

కూతురు ఆ కొంగులోకే చెయ్యి పోనిచ్చి పట్టుకుంది. మేం ఎక్కాల్సిన బస్సు కదిలి వెళ్లిపోయినా ఆ చేతులు విడిపడలేదు.