దేవుడికి చెయ్యి చెప్పిన మనిషి

మా సిద్ధరాములు మామ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. గుడి గోడమీద ట్రస్టువాళ్ళు దాతల పేర్లన్నీ చెక్కించారు. పంకా ఇచ్చినవాడి పేరుంది, గంట ఇచ్చినవాడి పేరుంది. నలభై ఏళ్ళు ఆ గుడి ఊడ్చి దీపం పెట్టినవాడి పేరు మాత్రం లేదు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, అందుకని రాస్తున్నాను.

మాది షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర ఒక గల్లీ. మగవాళ్ళు మరమగ్గాల మీద, అంటే మా మాటలో సాంచాల మీద, చద్దర్లు, టవళ్ళు నేస్తారు. ఆడవాళ్ళం గడపల్లో కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతాం. మా తాతలు కరీంనగర్ దిక్కు నుంచి వచ్చారు. గల్లీ చివర మా పద్మశాలీల చిన్న మార్కండేయ మందిరం, దాని వెనక ఒక గది. ఆ గదిలో చేత్తో నేసే ఒక గుంతమగ్గం, దానితోపాటు సిద్ధరాములు మామ ఉండేవాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. పండగకు తప్ప పురోహితుడు వచ్చేవాడు కాదు. మిగతా రోజుల్లో దీపం పెట్టేదీ, తీర్థం ఇచ్చేదీ ఆయనే. వరసకు నాకు మేనమామ. నా పేరు భాగ్యలక్ష్మి, ఆయన భాగ్యా అనేవాడు.

మార్కండేయుడి కథ మాకు ఉగ్గుపాలతో పోస్తారు. యముడు పాశం విసిరితే ఆ పిల్లవాడు శివలింగాన్ని కావలించుకున్నాడు, శివుడు లేచి యముణ్ణి తన్నాడు. మామ దీన్ని కథలా చెప్పేవాడు కాదు, కానూన్‌లా చెప్పేవాడు.

"గుడిలకు ఉరికొచ్చినోన్ని యముడు గూడ ముట్టొద్దు. గది మన దేవుడు రాసిన కానూన్. మల్ల దాన్ని ఎవరన్న మార్చిన్రా? మార్చలే."

మా గల్లీలో ఒక ఆచారం ఉండేది. రాఖీ పున్నమినాడు మగవాళ్ళు జంధ్యాలు మార్చుకున్నాక దేవుణ్ణి ఊరేగిస్తారు. బండి మీద చిన్న చేమగ్గం కట్టి, గుడి నుంచి కొంతం చౌక్ దాకా పోయి వచ్చేలోపు దేవుడికి ఒక ఉత్తరీయం నేయాలి. తిరిగి వచ్చాక మగ్గం మీంచి బట్ట కోసి, దేవుడి ముందు నిలబడి నేసినవాడి పేరు గట్టిగా చెప్పాలి. దాన్ని చెయ్యి చెప్పడం అంటారు. ఏ చెయ్యి నేసిందో దేవుడికి తెలియకుండా బట్ట కప్పకూడదు. ఆ పనంతా మామదే. ఇరవై ఏళ్ళు "సిద్ధరాములు చెయ్యి, సామీ" అని ఆయనే చెప్పుకున్నాడు.

తొంభై ఏడులో బంగ్లాదేశీలను పట్టుకుంటున్నారని గుప్పుమంది. ఎక్కడ బెంగాలీ మాట వినిపిస్తే అక్కడ పోలీసు బండి ఆగేది. మా గల్లీలో జబ్బార్ అని ఒక సాంచాల కార్మికుడు ఉండేవాడు. భార్య రొకేయా, ఎనిమిదో నెల. తమది మన దేశపు బెంగాల్లోని మాల్దా అనీ, వరదలో కాగితాలన్నీ పోయాయనీ చెప్పేవాడు. నిజమో కాదో నాకు తెలియదు. సాంచా దిగాక అతను మామ గదికి వచ్చి గుంతమగ్గం పక్కన కూర్చునేవాడు. వాళ్ళ ఇంట్లోనూ చేమగ్గం ఉండేదట. తెగిన పోగును అతను అతికితే ముడి ఎక్కడుందో వేలికి తగిలేది కాదని మామ మురిసిపోయేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం పోలీసులు వాళ్ళ ఖోలీ తలుపు కొడుతుంటే, ఆ ఇద్దరూ వెనక దోవన గుడికి పరుగెత్తి వచ్చారు. మామ వాళ్ళను తన గదిలో కూర్చోబెట్టి గుడి గేటు వేశాడు. గల్లీలో అడిగినవాళ్ళకు, సిరిసిల్ల నుంచి మా చెల్లె కొడుకు వచ్చిండు అన్నాడు. ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు. జబ్బార్ వాళ్ళ పెద్దన్న మాల్దాలో, వీళ్ళు అక్కడివాళ్ళేనని ఇంకో కాగితం తీయించి పోస్టులో పంపుతానన్నాడు. అది వచ్చేదాకా దాచగలిగితే చాలు, ఆ పిల్ల కాన్పు ఇక్కడే సుఖంగా అవుతుంది. మేము ఎదురుచూసింది ఆ ఒక్క కాగితం కోసమే.

నేను రొకేయాకు రోజూ జొన్నరొట్టె తీసుకుపోయేదాన్ని. నాకు భయంగానే ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"వాళ్ళు ఏ దేశపోళ్ళో అడిగినవా మామా?"

"మా నాయిన నైజాం రాజ్యంల పుట్టి, ఇంగ్లీషోని రాజ్యంలకు నడిచొచ్చిండు. ఏ కాగితం పట్టుకొచ్చిండే? ఆకలి పట్టుకొచ్చిండు. నన్నెవరడిగిన్రని నేను అడగాలె?"

ట్రస్టు అధ్యక్షుడు వాసుదేవ్ శేఠ్. నలభై సాంచాల యజమాని. మంచివాడే, కాని పెద్దవాళ్ళు ఎదురైతే వెన్నుపూస ఉండదు. ఆ ఏడు ఊరేగింపుకు పోలీసు ఇన్‌స్పెక్టర్‌ను ముఖ్య అతిథిగా పిలుస్తానన్నాడు. గుడి మెట్ల మీదే మామ ఆయనతో తగువు పెట్టుకున్నాడు. నేను ఎదురుగా బీడీలు చుడుతూ విన్నాను.

"దేవుని పని దేవునిది, సర్కార్ పని సర్కార్‌ది. రెంటిని ఒక్క పడుగుల ఎందుకు కలుపుతవ్ శేఠ్?"

"జులూస్‌కు పర్మిషన్ ఎవరిస్తరు సిద్ధరాములన్నా, నీ దేవుడిస్తడా? నీ గదిల ఎవరున్నరో నాకు ఎరుకలేదనుకోకు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. పంపెయ్."

మామ పంపలేదు. పైగా ఇంకో పని చేశాడు. ఆ ఏడు ఆయన కుడిభుజం పైకి లేవడం మానేసింది, మగ్గంలో అడ్డపోగు తోసే నాడె విసరలేడు. గల్లీలో పిల్లలెవరికీ చేమగ్గం రాదు. ఈసారి మరమగ్గం టవల్ కప్పేద్దామని ట్రస్టువాళ్ళు అన్నారు. మామకు అది ప్రాణం మీదికి వచ్చినట్టయింది. దేవుని బట్ట మరమగ్గం మీద నేసుడా అని రెండు రోజులు అన్నం తినలేదు. మూడోరోజు జబ్బార్‌ను బండి మగ్గం మీద కూర్చోబెడతానన్నాడు.

"నీకు మతి పోయిందా?" అన్నాను. "దాచిపెట్టినోన్ని నువ్వే బజార్ల తిప్పుతవా?"

"అందరి ముంగట ఉన్నోన్ని ఎవరు దేవులాడరు బిడ్డా. దేవుని బట్ట నేసేటోన్ని ఎవడు పట్టుకుంటడు?"

మొండితనమో, నమ్మకమో, ఆ రెండూ ఆయనలో ఎప్పుడూ విడిగా ఉండేవి కావు.

పున్నమినాడు జబ్బార్ తలకు రుమాలు చుట్టుకుని బండి ఎక్కాడు. తల ఎత్తకుండా నేశాడు. బండి గుంతలో పడి పోగులు తెగినా, నడుస్తున్న బండిలోనే అతికాడు. అంత సన్నని ఉత్తరీయం నేను అంతకుముందు చూడలేదు. సాయంత్రానికి గుడికి తిరిగి వచ్చాక బట్ట కోశారు. ఇన్‌స్పెక్టర్ ముందువరసలో కుర్చీలో ఉన్నాడు. మామ బట్ట పట్టుకుని దేవుడి ముందు నిలబడ్డాడు.

చెప్పాల్సిన మాట మేమంతా వారం నుంచి అనుకున్నదే. సిద్ధరాములు మేనల్లుడి చెయ్యి, సామీ. అంతే. మామ నోరు తెరిచాడు, మూశాడు. గల్లీ మొత్తానికి అబద్ధం చెప్పినవాడు దేవుడికి చెప్పలేకపోయాడు. మెల్లగా, కాని అందరికీ వినబడేట్టు అన్నాడు.

"జబ్బార్ చెయ్యి, సామీ."

భజన ఆగిపోయింది. వాసుదేవ్ శేఠ్ మొహం నల్లబడింది. ఏం చేయాలో తోచక, ఆ బట్టను మామ చేతిలోంచి లాక్కుని, దేవుడికి కప్పకుండా ఇన్‌స్పెక్టర్ భుజాల మీద కప్పి చప్పట్లు కొట్టాడు. ఇన్‌స్పెక్టర్ బట్ట కొసను వేళ్ళతో తడిమి చూసి, చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

జనం కదిలాక నేను గదికి పోయాను.

"హోట్గి రోడ్‌ల మా ఆడబిడ్డ సుందరాబాయి ఇల్లున్నది. ఇప్పుడే రిక్షాల తోలిద్దాం మామా."

"దేవుని ఇల్లు ఇడిచి ఆడబిడ్డ ఇంటికా? ఈడ ముట్టరు."

నేను ఇంకొక్కసారి చెప్పి ఉంటే వినేవాడేమో. చెప్పలేదు. నిజం చెప్పాలంటే, మా ఆడబిడ్డను ఇరికించకుండా బయటపడ్డానని లోపల ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు పొద్దున పోలీసులు వచ్చారు. బూటుకాళ్ళతో వస్తే మామ గేటుకు అడ్డం పడుకునేవాడు, ఆ మాట ఆయనే ముందు చెప్పాడు. కాని ఇన్‌స్పెక్టర్ గేటు దగ్గర బూట్లు విప్పాడు. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. గంట కొట్టి, దేవుడికి దండం పెట్టి, మామ ముందు దోసిలి పట్టాడు. మామ తీర్థం పోశాడు. ఇన్‌స్పెక్టర్ అది తాగి, తడిచెయ్యి తలకు రాసుకుని, మరాఠీలో మర్యాదగా "కాకా, గది ఎటువైపు?" అని అడిగాడు.

రొకేయా గుడి స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆడ కానిస్టేబుల్ ఒక్కొక్క వేలూ విడదీసింది. జబ్బార్ ఏడవలేదు, "చాచా, మగ్గం మీద పోగు తెగి ఉంది, చూసుకో" అని హిందీలో చెప్పి బండి ఎక్కాడు. గల్లీలో ముప్పై గడపలు, ముప్పై చాటలు. ఒక్కతీ లేవలేదు.

ఆరోజు మధ్యాహ్నం మామ తన చేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.

"బూట్లతోని వస్తే దేవుడు తన్నుతుండె భాగ్యా. యముడు చెప్పులు ఇడిచి వచ్చిండు. నేనే తీర్థం పోసిన."

"అలవాటుల పోసినవ్ మామా."

"గదే కదా. ఈ చెయ్యికి వచ్చినోడెవడో సూసుడు రాలే."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ సామెత ఎవరైనా అంటే ఆయన లేచి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు తాళంచెవులు వాసుదేవ్ శేఠ్ ఇంటి గుమ్మంలో పెట్టి వచ్చాడు, మళ్ళీ గుడి మెట్టెక్కలేదు. మా వసారాలోనే పడుకునేవాడు.

తొమ్మిది రోజులకు పోస్టుమాన్ ఒక కవరు తెచ్చాడు. మాల్దా నుంచి. మామ దాన్ని పట్టుకుని ఠాణాకు పోయాడు. వాళ్ళను రైల్లో కలకత్తా వైపు పంపించేశామని, అక్కణ్ణుంచి సరిహద్దు దాటిస్తారని చెప్పారు. కాగితం తీసుకోలేదు. ఆ మనిషి లేనప్పుడు కాగితం ఎందుకన్నారు.

మరుసటి ఏడు ఊరేగింపులో మరమగ్గం టవల్ కప్పారు. ఎవరి చెయ్యో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఆషాఢంలో మామ పోయాడు. స్నానం చేయించేటప్పుడు బనీను జేబులో ఆ కవరు దొరికింది. ఇప్పుడు నా సందూకులో ఉంది. దానిమీద ఇంగ్లీషులో, వంకర అక్షరాలతో అడ్రసు ఉంది, చదువుకున్న పిల్లచేత చదివించాను. జబ్బార్ షేక్, కేరాఫ్ మార్కండేయ మందిర్, షోలాపూర్.

పుట్టింది ఆడపిల్లో మగపిల్లో నాకు తెలియదు. ఎక్కడ పుట్టిందో అసలే తెలియదు. పోలీసులను తిడతాను, వాసుదేవ్ శేఠ్‌ను తిడతాను, ఆ గోడమీద పేర్లను తిడతాను. కాని ఆ పొద్దున రొకేయా స్తంభం పట్టుకుని నా వైపే చూసింది, పదకొండు రోజులు రొట్టె తెచ్చింది నేనే కదా. ఒళ్ళో చాట ఉంది, చాటలో తంబాకు ఉంది. లేస్తే ఒలికిపోతుందని నేను కూర్చునే ఉన్నాను.