గంగులు గట్ల చెయ్యడు

నా చిన్నప్పుడు నేను మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చింది ఈ లోకంలో లేనే లేని ఒక మనిషి కోసం. వాడి పేరు గంగులు. వాడిని పుట్టించింది మా పక్కింటి అక్క.

అప్పుడు మేము చంద్రపూర్ దగ్గర ఒక బొగ్గుబావి కాలనీలో ఉండేవాళ్ళం. పని కోసం తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళవే ఎక్కువ ఇళ్ళు. బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంటి అరుగు మీద తెలుగు. పక్కింటి అక్క మాకు చుట్టమేమీ కాదు, అయినా ఆమె భర్తను బావా అనే పిలిచేవాళ్ళం. ఆయన బావిలోకి దిగి బొగ్గు ఎత్తే పని చేసేవాడు. పిల్లలను పలకరించే అలవాటు లేని మనిషి. తల వంచుకుని పనికి పోయేవాడు, ఒళ్ళంతా నల్లగా చేసుకుని వచ్చేవాడు. ఆయన గురించి మాకు తెలిసింది అంతే.

వాళ్ళకింకా పిల్లలు లేరు. బావ రెండో షిఫ్టుకు పోయిన రోజుల్లో అక్కకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. సాయంత్రం మమ్మల్ని అరుగు మీద పోగేసి గంగులు కథ చెప్పేది. గంగులు కూడా బొగ్గుబావిలో పని చేసేవాడే, కానీ వాడికి చీకటంటే చచ్చేంత భయం. కిందికి దిగేటప్పుడు ఆ భయం పైకి కనబడకుండా పాట ఎత్తుకునేవాడు. గొంతు చూస్తే గాడిద గొంతు. షిఫ్టు అయిపోగానే అందరినీ తోసుకుని మొదట బయటపడేది వాడే. బెల్లమంటే ప్రాణం. పనికి పోయే ముందు ఒక బెల్లం ముక్క సగం కొరికి, మిగిలిన సగం గోడ గూటిలో పెట్టిపోయేవాడు. దాన్ని తినడానికైనా తిరిగి రావాలి కదా అని వాడి లెక్క.

వాడి పిరికితనానికి మేము కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. అక్క పొయ్యి వెలిగించాలని లేస్తే కొంగు పట్టుకుని కూర్చోబెట్టేవాళ్ళం. రాజుల కథలు చెప్పే మా నానమ్మ దగ్గరికి ఎవరూ పోయేవాళ్ళు కాదు. ఆమె రాజులు పులులను చంపేవాళ్ళు, ఏడు సముద్రాలు దాటేవాళ్ళు, మాకు మాత్రం ఆవలింతలు వచ్చేవి. నానమ్మ మొహం ముడుచుకునేది గానీ, మా అరుగు మీద చాట పట్టుకుని కూర్చుని, బియ్యం చెరిగినట్టే చెరుగుతూ గంగులు కథంతా వినేది.

ఒక వానాకాలం బావిలో పైకప్పు కూలింది. బావ ముందు పరుగెత్తినవాళ్ళలోనే ఉన్నాడట. వెనక ఎవరో పడిపోయి కేక వేస్తే తిరిగి పోయాడట. ఆ ఇద్దరినీ మర్నాడు పైకి తెచ్చారు. మేము పిల్లలం బిత్తరపోయి చూశామే గానీ మాకు ఏడుపు రాలేదు. ఆయన మాకు ఏమంత తెలుసని!

అక్క కూడా ఏడవలేదు. గాజులు తీస్తుంటే చేతులు చాపింది, కూర్చోమన్న చోట కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్ళూ నీ మొగుడు పులి అన్నారు, గుండె నిబ్బరం ఉన్నవాడు అన్నారు. వాళ్ళు వేరే ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు అక్క వాళ్ళ మొహాల్లోకి చూసేది. మెతుకు ముట్టలేదు. నీళ్ళు కూడా బలవంతంగా నోట్లో పోయాల్సి వచ్చింది. ఆడవాళ్ళు శోకాలు పెట్టి చూశారు, పట్టుకుని కుదిపి చూశారు. కన్ను తడి కాలేదు. ఇట్లనే ఉంటే ఈ పిల్ల మనకు దక్కదని నానమ్మ మా అమ్మతో గుసగుసగా అనడం విన్నాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం నానమ్మ మమ్మల్నందరినీ అక్క అరుగు మీదికి పిలిచింది. తలుపు ఓరగా ఉంది. లోపల అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. నానమ్మ గంగులు కథ మొదలుపెట్టింది. ఆమె అంతకుముందు ఎప్పుడూ ఆ కథ చెప్పింది లేదు.

చెప్పడం కూడా ఎంత అధ్వాన్నంగా చెప్పిందో! ఆమె గంగులుకు భయమన్నదే తెలియదు. చీకట్లో మీసం తిప్పుకుంటూ తిరుగుతాడు. వాడికి భయం కదా అని నేను అడ్డుపడితే తొడ మీద గిల్లింది. ఇంకా గొంతు పెంచి, బావి కప్పు కూలుతుంటే గంగులు ఒంటి చేత్తో దాన్ని ఆపి పకపకా నవ్వాడని చెప్పింది.

“గంగులు గట్ల చెయ్యడు.”

తలుపు వెనక నుంచి వచ్చింది ఆ మాట. ఎండిపోయిన గొంతు.

“మరెట్ల చేస్తడే?” అంది నానమ్మ, తల తిప్పకుండానే.

“వానికి భయం. కాళ్ళు గజగజ వణుకుతయి. ఎనుక నుంచి పిలుస్తుంటె ఇనపడనట్టే ఉరుకుతడు. జరంత దూరం ఉరికి ఆగుతడు. పాట పాడుకుంట, ఏడ్సుకుంట ఎనుకకు పోతడు.”

“మల్ల వస్తడా, అక్కా?” అని అడిగింది నేనే.

అక్క లేచి తలుపు దాకా వచ్చింది. “రాడు బిడ్డా,” అంది. అని, గడప మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

తెరుచుకున్న తలుపులోంచి గోడ గూడు కనబడింది. అందులో సగం కొరికిన బెల్లం ముక్క, దాని నిండా చీమలు. గంగులు ఎవరో అప్పుడు తెలిసింది నాకు. పిల్లలమంతా బావురుమన్నాం. పోయిన మనిషి కోసం అప్పుడు ఏడ్చాం.

అలా తప్పుగా ఎందుకు చెప్పావని తర్వాత నానమ్మను అడిగాను. “అందరు పులి పులి అంటుంటె ఆ పిల్లకు దాని మొగుడు యాడ దొరుకుతడే?” అంది. అక్క ఆ రోజు గంజి తాగింది. తర్వాత పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోయారు. మళ్ళీ మాకు కనబడలేదు.

ఇప్పుడు నేను చంద్రపూర్‌లోనే, తుకుం అనే పేటలో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. మొన్న, నన్ను నానమ్మా అనకుండా మరాఠీలో ఆజీ అని పిలిచే మా మనవరాలు ఫోనులో చూసే సీరియల్లో ఎవరో చచ్చిపోయాడని అన్నం మానేసి పడుకుంది. అదంతా ఉత్తదే కదా అని మా కొడుకు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. వాడిని బయటికి పొమ్మని, పిల్ల పక్కన కూర్చుని, అతనికి ఏమంటే భయమని అడిగాను. పిల్ల లేచి కూర్చుంది. అతనికి నలుగురిలో మాట్లాడాలంటే నత్తి వస్తుందట, తప్పు చేస్తే ఒప్పుకోవడానికి నోరు రాదట, అద్దం ముందు నిలబడి ఆ మాటే అనుకుని చూసుకునేవాడట. చాలాసేపు చెప్పింది. అతను గెలిచిన పోరాటాల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

అప్పుడు నేను గంగులు కథ చెప్పాను. వెనక నుంచి కేక వినబడే చోటికి వచ్చేసరికి పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆజీ, వాన్ని బయటికి తీస్కరా ఆజీ!”

తీసుకురావచ్చు. ఎవరు అడ్డం? ఆగకుండా ఉరికాడు అంటే చాలు, ఇంటికి వచ్చేస్తాడు, గూటిలో బెల్లం తింటాడు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు ఆ ఆశ పుడుతుంది. ఆ మాట అనడానికే నోరు తెరిచాను. ఓరగా వేసిన తలుపు వెనక నుంచి అక్క గొంతు వినబడింది. గంగులు గట్ల చెయ్యడు.

పిల్లను ఒళ్ళోకి లాక్కుని, వణుకుతున్నవాడిని మళ్ళీ వెనక్కి పంపించాను.