ఓడించినవాణ్ణి వెంటబెట్టుకుని కారిమంగళానికి

తమిళనాట మా సోగత్తూరు కబడ్డీ జట్టు ఆ ఏడాది ఆరు ఆటలాడి మూడు ఓడింది. తప్పు నాదే. చిన్నాచితకా జట్లతో ఆడితే పరువు తక్కువని, జట్టుకు పెద్దగా ఉన్న నేనే వాళ్లను గట్టి ఊళ్లకు పంపించాను. కారిమంగళం పోటీలో ఇక ఒక్క చోటే మిగిలింది. దానికోసం మాతో పోటీపడుతున్న జట్టు ఆరుకు ఆరు గెలిచింది, అన్నీ బడిపిల్లల మీదే. గెలుపులు లెక్కపెట్టి మధ్యాహ్నం తేల్చేస్తారని తెలిసి, తెల్లవారగానే బయలుదేరాను.

ధర్మపురి బస్టాండులో ఆరింటికి పాపారపట్టి బస్సు. ఐదు రూపాయల టిక్కెట్టు, ముప్పావు గంట ప్రయాణం. మమ్మల్ని ఓడించినవాటిలో అన్నిటికన్నా గట్టి జట్టు ఆ ఊరిది. దాన్ని తయారుచేసే కిష్టప్పదీ మాలాగే ఇంట్లో తెలుగే. పదేళ్లుగా మేం కలిస్తే తిట్టుకోవడమే. టీకొట్టు దగ్గరే దొరికాడు.

“ఏమన్నా, ఇంకొకసారి ఓడిపోదామని వచ్చినావా?”

“ఎగతాళి చాలు. కారిమంగళం రా. మమ్మల్ని ఎట్ల గెలిచినావో ఉండేది ఉన్నట్టు చెప్పాల.”

“నేనా? నీ కోసరమా?”

“నా కోసరం వద్దు. ఆడినోళ్ల కోసరం.”

ముందు ఇడ్లీ తినమన్నాడు. తిన్నాను. బాగున్నాయి, ఒప్పుకోక తప్పదు.

తిరిగి ధర్మపురి వచ్చి కృష్ణగిరి వైపు బస్సు మారాం. మంగళవారం సంత, కోళ్ల గంపల మధ్య కాలు పెట్టే సందు లేదు. దొరికిన ఒక్క సీటూ కిష్టప్పకిచ్చి నేను నిలబడ్డాను. పదకొండుకల్లా కారిమంగళంలో దిగాం. పోటీ నడిపే పెద్ద, రిటైరైన డ్రిల్లు మాస్టరు, మైదానం పక్క గదిలో ఉన్నాడు. అక్కడ మాటలన్నీ తమిళంలోనే, మా తెలుగులో రాస్తున్నాను.

“ఆరు గెలిచినోళ్లను వదిలి, మూడు ఓడినోళ్లను తీసుకోమంటావా పెద్దాయనా?” అన్నాడు మాస్టరు.

“ఎవరి మీద గెలిచినారో అదీ రాసి చూడు సామీ,” అన్నాను.

“అట్లయితే గట్టోళ్ల చేతిలో చిత్తుగా ఓడినోడు కూడా వచ్చి చోటు అడుగుతాడే.”

మాట నిజమే. కిష్టప్ప ముందుకు జరిగాడు.

“చిత్తుగా ఓడినోళ్లు వద్దు సార్. వీళ్లతో కడపటి కూతకు మా పక్క ఒక్కడే మిగిలినాడు. ఒక పాయింటుతో బయటపడినాం. ఈ ఏడు నాకు చెమట పట్టింది ఆ ఒక్క ఆటలోనే.”

మాస్టరు రెండు జట్లూ ఎవరెవరితో ఆడాయో వరసగా రాసుకున్నాడు. ఆ ఆరు గెలుపుల పక్కన ఒక్క గట్టి ఊరి పేరూ లేదు. చివరి గడిలో సోగత్తూరు అని రాశాడు. వెంటనే చీటీలు తీశారు. మా మొదటి ఆట పాపారపట్టితోనే.

“వచ్చి తప్పు చేసినానేమో,” అన్నాడు కిష్టప్ప. నా కాళ్లు నేల మీద ఆగలేదు.

గెలుపులు మాత్రమే లెక్కపెడితే రేపటినుంచి అందరూ చేతకానివాళ్లనే వెతుక్కుని ఆడతారు. ఎవరితో ఆడారు, ఎంతదాకా నిలబడ్డారు, ఈ రెండూ చూడాలి. పరువు కోసం పంపించింది నేను, నిలబడింది జట్టు. ఇట్లాంటి పనిమీద మీరూ కారిమంగళం పోతే మంగళవారం మానుకోండి. తప్పదంటే సంత రద్దీకి ముందే ధర్మపురిలో బస్సెక్కండి. మిమ్మల్ని ఓడించినవాణ్ణి వెంట తీసుకుపోండి, సీటు మాత్రం అతనికే ఇవ్వండి.