బొంత మీద బస్సు దారి

ఇది జరిగి మూడేళ్లు దాటింది. అప్పుడే ఎందుకు రాయలేదంటే, అప్పుడు నాకు రాయడం రాదు. ఎక్కడికి పోయినా వేలిముద్రే వేసేదాన్ని. మా ఆయన జబ్బు పడ్డ తర్వాతే నేను అక్షరాలు నేర్చుకున్నాను.

మా ఆయన యాదయ్య సిటీ బస్సు డ్రైవరు. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోయే బస్సు నడిపేవాడు. మాది నల్గొండ పక్క పల్లె. ఎల్బీనగర్‌లో కిరాయికి ఉంటున్నాం. నేను ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుడతాను.

ఆ రోజు ఆయనకు సెలవు. పొద్దున చాయ్ తాగుతుంటే కుడిచేతిలోంచి కప్పు జారి పడింది. "ఏమైందయ్యా?" అంటే ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. మా బిడ్డ స్వప్న చూసి, "అమ్మా, నాయన మూతి వంకరైందే!" అని అరిచింది. ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తాం.

సీటీ స్కాన్ తీశారు. "లెఫ్ట్ సైడ్ బ్రెయిన్‌లో క్లాట్ ఉంది. స్ట్రోక్. తొందరగా తీసుకొచ్చారు, అదే మంచిదైంది" అన్నాడు డాక్టరు. ఇంజెక్షన్ ఇచ్చి ఐసీయూలో పెట్టారు. ప్రాణం నిలిచింది. ఫిజియోథెరపీతో కాలు కుదుటపడింది, చెయ్యి కొంచెం కదిలింది. మాట మాత్రం రాలేదు.

"దీన్ని అఫేజియా అంటారమ్మా. ఆయనకు మనం చెప్పేది అర్థమవుతుంది. మాట బయటికి రావడమే కష్టం."

"మల్ల మాట్లాడుతడా సారూ?"

"ఇప్పుడే చెప్పలేం. స్పీచ్ థెరపీ చేయించండి."

ఆటోవాళ్లతో దారంతా కొట్లాడుకుంటూ బండి నడిపే మనిషికి ఒక్క మాటే మిగిలింది: "అదే." నీళ్లు కావాలన్నా అదే, కోపమొచ్చినా అదే. ఆ ఒక్క మాటతోనే బతకాలా అని నాకు దిగులు పట్టుకుంది.

స్పీచ్ థెరపీ మేడమ్‌ది గుంటూరు వైపు. చిన్న పిల్ల, ఓపిక చాలా. బొమ్మల కార్డులు చూపించి, "అంకుల్ గారూ, ఇదేంటో చెప్పండి?" అనేది. జిరాఫీ, పియానో, ఇంకా ఏవేవో. ఆయన కొన్నాళ్లు చూశాడు. ఇంతలో ఒకరోజు ఫిట్స్ వచ్చి మళ్లీ అడ్మిట్ చేయాల్సి వచ్చింది. తిరిగి ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకోవడమే. థెరపీకి రమ్మంటే కార్డులు విసిరికొట్టాడు.

నేను ఏడుస్తూ మేడమ్‌కు ఫోన్ చేశాను.

"బలవంతపెట్టకండి ఆంటీ. జిరాఫీతో ఆయనకేం పని చెప్పండి? ఆయనకి బాగా తెలిసినదేదైనా ముందు పెట్టండి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆయన నోట్లో మాట మీరు అందుకోకూడదు. ఎంతసేపైనా ఆగండి."

ఆయనకు బాగా తెలిసింది ఒక్కటే, ఆ దారి. మా పెళ్లిరోజు దగ్గరికొస్తోంది. బొంత కుట్టి, దాని మీద ఆ దారి వేసి ఇద్దామనుకున్నాను.

మా వైపు బొంతకు కొత్త బట్ట వాడరు. ఒంటికి అలవాటైన పాత బట్టలే పొరలు పొరలుగా వేసి కుడతారు. రోడ్డు కోసం ఆయన ఖాకీ చొక్కాలు తీశాను. స్వప్న నా చేతిలోని కత్తెర పట్టుకుని ఆపింది.

"నాయన డ్యూటీ చొక్కాలు కోస్తవా? మల్ల పోడా ఏంది?"

"పోతె కొత్తయి కుట్టిస్త. ఇడువు."

అన్నానే గానీ, కోసే ముందు గుండీలన్నీ ఊడదీసి డబ్బాలో దాచిపెట్టాను.

హయత్‌నగర్ ఇవతల జింకల పార్కుకు చుక్కల చీర ముక్క. ఆటోనగర్ టైర్లకు పాత గొడుగు గుడ్డ. ఎల్బీనగర్ చౌరస్తాకు పెద్ద గుండ్రం. చైతన్యపురికి మెట్రో స్తంభాల్లాగా బూడిద రంగు పట్టీలు. చైతన్యపురికి మెట్రో స్తంభాల్లాగా బూడిద రంగు పట్టీలు. దిల్‌సుఖ్‌నగర్‌కు చీరల దుకాణాలని జరీ ముక్కలు. అక్కడికి ఖాకీ గుడ్డ అయిపోయింది, దారీ ఆగిపోయింది.

పెళ్లిరోజు సాయంత్రం ఆయన కాళ్ల మీద పరిచాను. మొదట చూడలేదు. కాసేపటికి ఎడమచెయ్యి ఖాకీ మీద పెట్టాడు. చుక్కల గుడ్డ తడిమి "అదే" అన్నాడు. గుండ్రం దగ్గర "అదే" అని కొంచెం నవ్వాడు. చైతన్యపురి దాటి బత్తాయి రంగు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. తల అడ్డంగా ఊపాడు. మెడ నరాలు ఉబ్బాయి. స్వప్న ఏదో చెప్పబోతుంటే దాని చెయ్యి గట్టిగా నొక్కాను.

"మా... మార్కెట్" అన్నాడు. "ముందు. ఎల్బీనగర్... దాటంగనె... మార్కెట్. ఎన్క... చైతన్యపురి."

తల తిప్పి నా వైపు చూశాడు.

"ఇన్నేండ్లు... ఏం బస్సెక్కినవే?"

నన్ను తిట్టాడు! నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. తప్పు నాదే. బోర్డులు చదవడం రాదు కదా, వాసనను బట్టి స్టాపులు గుర్తుపెట్టుకునేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి ఇంటికొస్తుంటే మార్కెట్ ఇంకా రాకముందే, చైతన్యపురి రాకముందే బత్తాయి వాసన కొట్టేది. అందుకే నా లెక్కలో దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మార్కెట్టు, ఆ తర్వాతే చైతన్యపురి. ఇప్పుడు మార్కెట్ అక్కడ లేదు గానీ, నాకు ఆ వాసన పోలేదు.

థెరపీకి బొంతే తీసుకుపోయాం. మేడమ్ స్టాపుల పేర్లు పెద్దగా రాసి ఆయనతో చదివించేది. జబ్బుతో ఆయన చదువు కూడా చెదిరిపోయింది. పక్కన కూర్చున్న నన్ను, "మీరూ దిద్దండి ఆంటీ, అంకుల్‌కి తోడుంటారు" అంది. అట్లా ఇద్దరం ఒకే పలక మీద దిద్దుకున్నాం.

కొంచెం చదవడం వచ్చాక ఆయన బొంత చూసి, "బోర్డు లేని బస్సు... ఎవరెక్కుతరే?" అన్నాడు. అప్పటినుంచి ఒక్కో పేరూ ఎర్రదారంతో కుడుతూ వచ్చాను. మొన్న సాయంత్రం చివరి పేరు పూర్తయింది. "మార్కెట్ ముక్క ఇప్పి ముందుకు జరపాల్నా?" అని అడిగాను.

"ఉండనియ్యి. వచ్చినోళ్లకు... జెప్పి నవ్వుత."

ఇప్పుడు ఆయన బండి నడపలేడు. బీపీ మాత్రలు తప్పకుండా వేసుకుంటాడు. అలసిపోతే మాటలు తడబడతాయి. అయినా ఇంట్లో మళ్లీ తిట్లు వినబడుతున్నాయి, నాకంతే చాలు. ఇలాంటి జబ్బు మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: వాళ్ల మాట మీరు పూర్తి చేయకండి. ఆగండి.

పేర్లు పూర్తయిన మరునాడు పొద్దున ఆయన్ను తీసుకుని ఎల్బీనగర్ బస్టాపుకు పోయాను. బస్సొచ్చి ఆగింది. బోర్డు మీద దిల్‌సుఖ్‌నగర్ అని ఉంది. నేను చదివేశాను. నోరు మాత్రం మెదపలేదు. "ఎక్కుతరా, లేదా?" అని లోపలినుంచి కండక్టర్ కేకేసింది. నేను ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను.

"దిల్... దిల్‌సుఖ్‌నగర్" అన్నాడు. "మనదే. ఎక్కు."

ఎక్కాను.