కాటుక మీసం

లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన ఆ రోజు తుఫానులో ఊయలలా ఊగింది. జనం హాహాకారాలు చేశారు. నేనొక్కణ్ణే గుండె దిటవు చేసుకొని... సరే, అంత లేదు. గాలి కూడా లేదు. కాలేజీ పిల్లలు గంతులేస్తే వంతెన కాస్త కదిలింది. నేను చతికిలబడి, తాళ్లు పట్టుకొని, "అవ్వా!" అని అరిచాను. డెబ్బై దాటిన మనిషిని.

భయపడ్డందుకు బాధ లేదు. హనుమకొండలో బట్టల షాపున్న నా మిత్రుడు దాన్ని వీడియో తీసి మా వాకింగ్ గ్రూపులో పెట్టాడు. అది మా ఇంటికీ చేరింది. మనవరాలు తన ఫోన్‌లో నా నంబరుకు ఆ "అవ్వా"నే రింగ్‌టోన్‌గా పెట్టుకుంది. నేను ఫోన్ చేసినప్పుడల్లా అక్కడ నేనే ఏడుస్తాను.

అప్పటి నుంచి నాకు ఒకటే కోరిక. వాడి వీడియో ఒకటి కావాలి.

వాడి గుట్టు నాకు తెలుసు. జుట్టుకు రంగేస్తాడు గానీ మీసానికి పడదు, దద్దుర్లు లేస్తాయి. అందుకని కాటుక పెన్సిల్‌తో దిద్దుకుంటాడు. షాపులో ఏసీ కింద ఆ మీసానికి ఢోకా లేదు. మరి బొగత జలపాతం కింద?

"బొగత పోదాం, జర నీళ్లల్ల ఆడుదాం" అని ముందుగా అన్నది నేనే.

కారు సుబేదారిలో ఉండే మా లెక్చరర్ మిత్రుడిది. బండి తీసే ముందు ఆయన కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తాడు. గుడికి పోయేవాళ్లమైనా మేమిద్దరమూ మూసుకుంటాం. "ప్రభువా, ఈ ప్రయాణం సఫలం చేయి" అన్నాడు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది కూడా నేనే.

ములుగు దాటి లక్నవరం మలుపు రాగానే షాపువాడు అద్దం దించి, "అవ్వా!" అని పొలాలకు వినిపించేలా కేకేశాడు.

"ఏం బావా, వంతెన మీదికి ఒక రౌండు పోయొద్దామా?"

"నవ్వు బిడ్డా, నవ్వు" అనుకున్నాను. "మీసం ఉన్నంతసేపే."

ఏటూరునాగారం దాటి, గోదావరి వంతెన మీదుగా బొగత చేరాం. వానలు తగ్గి, మనుషులను నీళ్లలోకి వదులుతున్న రోజులు.

"నువ్వు రావా?" అన్నాడు వాడు.

"నాకు సర్ది అయింది. నువ్ దిగు, ఫొటో తీస్త."

ఫొటో అనగానే పొట్ట లోపలికి పీల్చి, ధార అంచున తల పెట్టాడు. మీసం కరిగింది. నల్లటి ఏరు గడ్డం మీదుగా దూకి, గోదావరిలో కలిసి, భద్రాచలం దాకా... లేదు, రెండు చారలు. నాకవి చాలు. ఆపకుండా తీశాను. వాడు ఒడ్డుకొచ్చి నా తెల్లతుండు గుంజుకొని మూతి తుడుచుకునేలోపు వీడియో గ్రూపుకు కొట్టేశాను. ఎండకు తెర కనబడలేదు, చూసుకోలేదు. సిగ్నల్ లేక అది గడియారం గుర్తు దగ్గరే ఆగింది.

తిరుగు దారిలో గోదావరి వంతెన మీద సిగ్నల్ వచ్చింది. వాడి ఫోన్ ఠంగుమంది. వాడి మొహం మాడడం చూడాలని నేను ముందుకు వంగి కూర్చున్నాను.

వాడు చూశాడు. మళ్లీ చూశాడు. లెక్చరర్ ముందు పెట్టాడు. ఆయన నవ్వుతో స్టీరింగ్ పట్టలేక వంతెన దాటగానే బండి పక్కకు ఆపాడు.

నేను సెల్ఫీ కెమెరాతో తీశాను. తెర నిండా నా ముక్కు రంధ్రాలు, పై వరుసలో మిగిలిన పళ్లు, "సచ్చిండు... ఇయ్యాల సచ్చిండు కొడుకు" అని మురిసిపోతున్న నా నోరు.

"గిది తీసేసుడెట్ల?" అన్నాను.

"అవ్వనడుగు" అన్నాడు షాపువాడు.

మనవరాలి రింగ్‌టోన్ మారింది. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే "సచ్చిండు" అని మోగుతుందట.

తుండు మాత్రం నా చేతికి చిక్కింది, నల్ల మరకలతో సహా. మా ఇంటామె ఉతకబోతే లాక్కున్నాను.

"గా మసిగుడ్డ ఏం జేసుకుంటవయ్యా?"

రోజూ పొద్దున వాకింగ్‌కు దాన్నే భుజాన వేసుకొని పోతున్నాను, మరకలు వాడి వైపు ఉండేలా.